పిల్లల పేగు జబ్బు, మందుల సైడ్ ఎఫెక్ట్స్: మా ఇంట్లో నేను చేసిన తప్పు

 

మామూలుగా మనం ఇక్కడ ఫోన్ల గురించి, జాబ్‌ల గురించి, కొత్త యాప్‌ల గురించి మాట్లాడుకుంటాం. ఈరోజు ఒక స్క్రీన్‌షాట్ గురించి చెప్తాను. రెండేళ్ల క్రితం ఒక రాత్రి పదకొండున్నరకి మా అక్కకి వాట్సాప్‌లో పంపాను. అది చూసి అక్క తన కొడుకు మందులు ఆపేసింది. ఐదో రోజుకి వాణ్ని కాకినాడ తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాం.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు. బీటెక్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఊరొచ్చి వీడియోలు చేసుకుంటున్నవాణ్ని. ఈ వీడియో చూసి ఎవరూ మందు మొదలుపెట్టొద్దు, ఆపొద్దు, డోసు మార్చొద్దు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు, నాకు అదే కావాలి.

మా మేనల్లుడి పేరు చెప్పను. వాడికి ఇప్పుడు పదమూడేళ్లు. ఈ వీడియో చేస్తానంటే "నా ఫొటో వేయకు మావయ్యా, మిగతాది చెప్పుకో" అన్నాడు.

వాడికి పదేళ్లప్పుడు మొదలైంది. కడుపునొప్పి, విరేచనాలు, తిండి సగంలో వదిలేయడం. నులిపురుగులనుకుని మందు వేశాం. బయట నూడుల్స్ తింటున్నాడని తిట్టాం. సంక్రాంతికి మా అమ్మ వాడి పాత ప్యాంటు తీసి వేసి చూసింది. పోయిన సంక్రాంతిదే, ఇంకా సరిగ్గా సరిపోయింది. "బాగుందిరా, కొత్తది కొనక్కర్లేదు" అని సంతోషించింది. ఏడాదిలో పిల్లాడు అంగుళం కూడా పెరగలేదన్న సంగతి ఆ ప్యాంటు మాకు చెప్పింది. మాకే అర్థం కాలేదు.

తర్వాత పరీక్షలు చేయిస్తే ముందు పేగుల్లో టీబీ అని అనుమానించారు. దీనికి ఎవర్నీ తప్పుపట్టలేం. మన దేశంలో పేగు టీబీ, క్రోన్స్ జబ్బు చూడ్డానికి అచ్చం కవలపిల్లల్లా ఉంటాయి. స్కోప్ వేసి చూసినా ఒక్కోసారి తేల్చడం కష్టం. అందుకే కొందరికి ముందు టీబీ మందులిచ్చి, తగ్గుతుందో లేదో చూస్తారు. మా వాడికి తగ్గలేదు. సామర్లకోటలో గౌతమి ఎక్కి హైదరాబాద్ వెళ్లాం. అక్కడ మళ్లీ స్కోప్, బయాప్సీ చేసి క్రోన్స్ అని ఖాయం చేశారు.

క్రోన్స్ అంటే ఏంటంటే, ఒంట్లో క్రిముల మీద యుద్ధం చేయాల్సిన ఇమ్యూన్ సిస్టమ్ సొంత పేగు మీదే దాడి చేస్తుంది. పేగు వాచి పుండ్లు పడతాయి. అల్సరేటివ్ కొలైటిస్ దీని అన్నదమ్ముడు, అది పెద్దపేగుకే పరిమితం. రెండింటినీ కలిపి ఐబీడీ అంటారు. ఐబీఎస్ అని ఇంకోటుంది, అది వేరు. పేర్లు కలిసిపోయి చాలామంది తికమక పడుతుంటారు.

"ఇవన్నీ అమెరికా జబ్బులు, మన పల్లెటూరి పిల్లలకి రావు" అని మా బంధువులు అన్నారు. హైదరాబాద్ ఏఐజీ డాక్టర్లు మొబైల్ వ్యాన్లలో పల్లెలకి వెళ్లి మరీ స్కోప్ చేసి, కడుపు సమస్యలతో వచ్చిన 30 వేల మందికి పైగా పరీక్షించారు. ఆ ఫలితాలు 2023లో ప్రచురించారు. పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఐబీడీ దాదాపు ఒకే తీరుగా కనిపించింది. కాబట్టి ఊరి పెరుగన్నం తింటే రాదు అనుకునే రోజులు పోయాయి.

ఇక మందుల సంగతి. ముందు స్టెరాయిడ్ ఇచ్చారు, ప్రెడ్నిసొలోన్. పది రోజుల్లో మ్యాజిక్. నొప్పి పోయింది, వాడు కంచం ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. మూడో వారానికి మొహం ఉబ్బడం మొదలైంది. బుగ్గలు గుండ్రంగా అయిపోయాయి. స్కూల్లో పిల్లలు వాణ్ని "బూరె" అని పిలవడం మొదలుపెట్టారు. మన ఇళ్లలో చంటిపిల్లల్ని ముద్దుగా బూరెబుగ్గలు అంటాం కదా. పదకొండేళ్ల వాణ్ని క్లాసంతా కలిసి అంటే అందులో ముద్దేం ఉండదు.

స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడేది కాదు, మంట ఆర్పడానికి. మళ్లీ అంటుకోకుండా ఇంకో మందు కావాలి. దానికని అజాథయోప్రిన్ అనే మాత్ర కలిపారు. ఇది పని మొదలుపెట్టడానికే రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, ఈలోపు స్టెరాయిడ్‌ని మెల్లగా తగ్గిస్తూ రావాలి. ప్లాన్ అది.

ఆ టైంలో అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వు నెట్‌లో అన్నీ చూస్తావు కదా. వాడి మొహం ఇలా అయిపోతోంది. ఈ కొత్త మాత్ర ఏంటో కాస్త చూసి చెప్పు" అంది. నేను లీఫ్లెట్ డౌన్‌లోడ్ చేశాను. అందులో ఒక లైను: లింఫోమా, అంటే ఒకరకం క్యాన్సర్, వచ్చే రిస్క్ పెరుగుతుంది. నాకు ఒళ్లు జలదరించింది. ఎర్రగా సున్నా చుట్టి స్క్రీన్‌షాట్ పంపాను. కింద "అక్కా, ఇది చూడు" అని మూడు ముక్కలు. అంతే. ఎంతమందికి వస్తుంది, ఎందుకు ఇస్తున్నారు, ఏదీ రాయలేదు. నాకూ తెలియదు కాబట్టి.

అక్క ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే రెండు మందులూ ఆపేసింది. కొత్తదాంతో పాటు స్టెరాయిడ్ కూడా. ఆవిడ దృష్టిలో ఒకటి క్యాన్సర్ తెచ్చేది, ఇంకోటి మొహం పాడుచేసింది. ఎవరికీ చెప్పలేదు.

స్టెరాయిడ్‌ని వారాల తరబడి వాడాక ఉన్నట్టుండి ఆపకూడదండి. ఇది గుర్తుపెట్టుకోండి. కిడ్నీల మీద అడ్రినల్ అని చిన్న గ్రంథులుంటాయి. మన ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ని రోజూ అవే తయారుచేస్తాయి. బయట నుంచి మాత్ర వస్తుంటే అవి పని మానేసి కూర్చుంటాయి. మాత్ర ఒక్కసారిగా ఆపితే, అవి నిద్రలేచే లోపు ఒంట్లో ఆ హార్మోన్ ఉండదు. మా వాడికి నాలుగో రోజుకి వాంతులు, నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం. ఐదో రోజు బాత్రూం దగ్గర పడిపోయాడు. బావ కారు తీశాడు. పిఠాపురం నుంచి కాకినాడ ఎంత దూరమండీ, అరగంట. ఆ అరగంట వెనక సీట్లో వాడి తల నా ఒళ్లో ఉంది.

అక్కడ డాక్టర్‌గారు అడిగిన మొదటి ప్రశ్న, "స్టెరాయిడ్ ఎప్పుడు ఆపారు?" బావ నావైపు చూశాడు. ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

వాడు మూడు రోజుల్లో కోలుకున్నాడు. డిశ్చార్జి రోజున నేను ఆయన దగ్గరికి వెళ్లి నా ఫోన్లో ఉన్న స్క్రీన్‌షాట్ చూపించాను, తప్పు ఒప్పుకుందామని. ఆయన చదివి, "మందు చేసే చెడు ఇందులో ఉంది. జబ్బు చేసే చెడు ఎందులో చూశారు?" అన్నారు.

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. నా దగ్గర సమాధానం లేదు. మందు పెట్టెలో లీఫ్లెట్ ఉంటుంది. జబ్బుకి అలాంటి లీఫ్లెట్ ఎవరూ వేయరు. వేస్తే ఎలా ఉంటుందో ఆరోజు ఇంటికొచ్చి రాసుకున్నాను. క్రోన్స్‌ని వైద్యం లేకుండా వదిలేస్తే: రక్తహీనత. ఎదుగుదల ఆగిపోవడం. యుక్తవయసు ఆలస్యం కావడం. పేగు సన్నబడి మూసుకుపోవడం. పేగు నుంచి పక్కకి దారి పడిపోవడం, దాన్ని ఫిస్టులా అంటారు. ఆపరేషన్లు. వాపు ఏళ్ల తరబడి ఉంటే పేగు క్యాన్సర్ రిస్క్ కూడా. అవునండి, ఆ మాట ఈ లిస్టులోనూ ఉంది.

వీటిలో పిల్లలకి ప్రత్యేకంగా వర్తించేది ఎదుగుదల. పెద్దవాళ్లకి జబ్బు ఒక ఏడాది ముదిరితే తర్వాత కోలుకోవచ్చు. పిల్లల ఎముకల చివర్లో పెరిగే భాగం యుక్తవయసు అయ్యేసరికి మూసుకుపోతుంది. అది మూసుకున్నాక ఎంత మంచి మందిచ్చినా ఎత్తు రాదు. అంటే "ఇంకొన్నాళ్లు చూద్దాం" అన్నది కూడా ఒక నిర్ణయమే, దానికీ సైడ్ ఎఫెక్ట్ ఉంది.

ఇప్పుడు నన్ను భయపెట్టిన ఆ లైను దగ్గరికి వద్దాం. రిస్క్ "పెరుగుతుంది" అంటే ఎంత నుంచి ఎంతకి? విదేశాల్లో పేగు జబ్బున్న పిల్లల మీద వేసిన ఒక లెక్క ప్రకారం, ఈ తరహా మందు వాడేవాళ్లలో ఏడాదికి 10 వేల మందిలో నలుగురైదుగురికి లింఫోమా వచ్చింది. మామూలు పిల్లల్లో 10 వేలలో ఒకరి కంటే తక్కువ. ఎన్నో రెట్లు పెరిగింది అంటే గుండె ఆగుతుంది. మన పాదగయకి శివరాత్రి రోజున 10 వేల మంది పిల్లలు వచ్చారనుకోండి. అందులో నలుగురైదుగురు. మిగతా 9,995 మందికి ఆ ఏడాది అది రాదు. రెండు మాటలూ నిజమే. నేను అక్కకి ఒకటే పంపాను.

దీన్ని కొట్టిపారేయమని చెప్పట్లేదు. ఆ నలుగురిలో మనవాడు ఉంటే మనకి అది నూటికి నూరు. పైగా మగపిల్లల్లో, ముఖ్యంగా ఈ మాత్రని ఇంకో రకం ఇంజెక్షన్లతో కలిపి వాడినప్పుడు, చాలా అరుదుగా వచ్చే తీవ్రమైన లింఫోమా ఒకటుంది. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు మగపిల్లల విషయంలో ఆచితూచి ఇస్తున్నారు. అది అడగాల్సిన ప్రశ్నే. డాక్టర్‌ని అడగాల్సింది, రాత్రి పదకొండున్నరకి అక్కకి పంపాల్సింది కాదు.

ఇప్పుడు ఈ కథలో నన్ను బాగా కుదిపేసిన భాగం చెప్తాను.

కాకినాడ నుంచి వచ్చాక మళ్లీ హైదరాబాద్ వెళ్లాం. అక్కడ అజాథయోప్రిన్ తిరిగి మొదలుపెట్టే ముందు ఒక జీన్ టెస్ట్ చేద్దాం అన్నారు. ఎన్‌యూడీటీ15 అని దాని పేరు. అజాథయోప్రిన్ కొందరిలో ఎముక మజ్జని దెబ్బతీస్తుంది. తెల్ల రక్తకణాలు పడిపోతాయి, అప్పుడు చిన్న జ్వరం కూడా ప్రాణం మీదకి రావచ్చు. ఎవరికి అలా అవుతుందో తెలుసుకోవడానికి పాశ్చాత్య దేశాల్లో టీపీఎంటీ అనే టెస్ట్ చేసేవాళ్లు. చిక్కేంటంటే ఆసియా వాళ్లలో టీపీఎంటీ తేడా చాలా తక్కువ మందికి ఉంటుంది, అయినా రక్తకణాలు పడిపోవడం మాత్రం ఎక్కువ. ఎందుకో తెలియలేదు. 2014లో కొరియా పరిశోధకులు కారణం పట్టుకున్నారు, అదే ఈ ఎన్‌యూడీటీ15 జీన్‌లో తేడా. తర్వాత మన హైదరాబాద్ ఏఐజీ వాళ్లు 1,014 మంది ఐబీడీ పేషెంట్ల మీద చూసి 2020లో ప్రచురించారు. మనవాళ్లలో రిస్క్‌ని ముందే పట్టుకోవడానికి టీపీఎంటీ కంటే ఎన్‌యూడీటీ15 బాగా పనికొస్తుందని తేలింది.

ఈ తేడా మన దేశంలో సుమారుగా పదిమందిలో ఒకరికి ఉంటుంది. ఇందాకటి పాదగయ లెక్కలో చూడండి. 10 వేల మందిలో దాదాపు వెయ్యి మంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు కాపీలూ తేడావే వస్తే మామూలు డోసు చాలా ప్రమాదం, కణాలు పడిపోతాయి, కొన్ని వారాల్లోనే జుట్టంతా రాలిపోవచ్చు. ఒక కాపీ మాత్రమే అయితే డోసు తగ్గించి, రక్తపరీక్షలు దగ్గరదగ్గరగా చేస్తూ వాడొచ్చు.

మా వాడికి ఒక కాపీ ఉంది.

నేను భయపడింది 10 వేలలో నలుగురైదుగురికి వచ్చేదాని గురించి. వాడి రక్తంలో నిజంగా ఉన్నది పదిమందిలో ఒకరికి ఉండేది. ఆ లీఫ్లెట్‌లో రక్తకణాల గురించి కూడా రాసే ఉంది. నేనే స్క్రోల్ చేసి దాటేశాను, ఎందుకంటే క్యాన్సర్ అన్న మాట పెద్దది.

"అయితే నువ్వు ఆపించడం మంచిదే అయింది కదరా" అని మా అమ్మ నన్ను వెనకేసుకొచ్చింది. అవ్వలేదమ్మా అన్నాను. అజాథయోప్రిన్ మొదలుపెట్టాక మొదటి నెలలో వారానికోసారి సీబీసీ చేయించమని మాకు రాసిచ్చారు. ఎందుకా పరీక్ష అని మేం అడగలేదు. జీన్ టెస్ట్ లేకపోయినా కణాలు పడిపోవడాన్ని పట్టుకునే కాపలా అది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు కొత్త కోడ్ లైవ్‌లో పెట్టామంటే ఆ రాత్రంతా లాగ్స్ చూస్తూ కూర్చునేవాళ్లం. తప్పు జరగొచ్చని తెలుసు కాబట్టే కాపలా పెడతాం. మందు కూడా అంతే. ఇందులో మా నేరం భయపడటం కాదండి. ఆ భయాన్ని డాక్టర్‌కి చెప్పకుండా ఇంట్లో దాచుకున్నాం చూడండి, అది.

ఆరోజు హైదరాబాద్‌లో డాక్టర్‌గారు మా ముందు నాలుగు దారులు పెట్టారు.

ఒకటి, తగ్గించిన డోసులో అజాథయోప్రిన్. రెండు, అడాలిముమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు. ఇవి బలంగా పనిచేస్తాయి, ఎదుగుదల కూడా బాగా అందుకుంటుంది. మన దేశంలో 2014 చివర్లో దీని బయోసిమిలర్ వచ్చాక ధర దిగింది, అయినా మా బావకి అది బరువే. పైగా ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఇవి లేపొచ్చు. ఇదే కుటుంబానికి చెందిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకున్నాక టీబీ వచ్చిన 70 కేసుల రిపోర్టు 2001లోనే వచ్చింది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్షలు చూడకుండా మొదలుపెట్టరు. మూడు, మందే లేకుండా ఆరు నుంచి ఎనిమిది వారాలు పూర్తిగా ప్రత్యేక పోషక ద్రవం మీదే ఉండటం. పిల్లల క్రోన్స్‌లో మంట తగ్గించడానికి ఇది స్టెరాయిడ్‌కి సమానంగా పనిచేస్తుంది, బూరెబుగ్గల గొడవ లేదు. మా వాడికి శాంపిల్ ఇస్తే రెండో రోజుకే డబ్బా పక్కన పెట్టేశాడు. వేరే పిల్లలు పూర్తిచేస్తారు, కాబట్టి మీరు అడగండి. అయితే ఇది మంట ఆర్పేదే, తర్వాత ఇంకోటి కావాలి.

నాలుగోది మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే.

ఈ మందు పేరు విని ఇంటికొచ్చి మళ్లీ వెతికాను. ఈసారి లీఫ్లెట్‌తో ఆగలేదు. ఎక్కడ పుట్టింది, ఎవరు చేశారు అని చదివాను. చదివితే దారి తిరిగి తిరిగి మన భీమవరం వచ్చింది.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు తెలుసు కదా, 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. మన పెద్దలు గ్రహణి అనేవాళ్లే, తిన్నది పేగు పట్టుకోదు, మనిషి విరేచనాలతో శుష్కించిపోతాడు. అదే జబ్బు ఆయనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికారు. తర్వాత అమెరికా వెళ్లి, 1940లో లెడర్లీ ల్యాబ్‌లో చేరి, ఫోలిక్ యాసిడ్ తయారుచేసిన బృందాన్ని నడిపించారు. స్ప్రూ రోగుల్లో వచ్చే రక్తహీనతకి అది పనికొచ్చింది. ఆ తర్వాత ఫోలిక్ యాసిడ్‌కి విరుగుడుగా పనిచేసే మందుల్ని ఆయన బృందమే చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ని ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకి ఇచ్చారు, 10 మందిలో గుణం కనిపించింది. అది 1948లో ప్రచురితమైంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావుగారు 53 ఏళ్లకి చనిపోయారు. అమినాప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. 1995లో క్రోన్స్‌లోనూ పనిచేస్తుందని పెద్ద ట్రయల్ వచ్చింది.

మా వాడి వారం ఇప్పుడు ఎలా ఉంటుందంటే, శనివారం రాత్రి మెథోట్రెక్సేట్. ఆ మందు సైడ్ ఎఫెక్ట్స్ తగ్గడానికి వేరే రోజున ఫోలిక్ యాసిడ్. ఒకటి ఇంకోదానికి విరుగుడు. రెండూ ఒకే ల్యాబ్ నుంచి, పేగు జబ్బుకి అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న ఒక గోదావరి మనిషి బృందం చేతుల మీదుగా వచ్చాయి. ఆయన ఫొటో మా బావ మందుల డబ్బా మూత మీద అంటించాడు.

ఒక్క హెచ్చరిక, చాలా ముఖ్యం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాలు పోతాయి, అలా జరిగిన సందర్భాలున్నాయి. మా ఇంట్లో గోడమీద తెలుగు క్యాలెండర్‌లో ప్రతి శనివారం సున్నా చుట్టి ఉంటుంది. వేసింది అక్క అయితే టిక్కు పెట్టేది బావ. గర్భంలో బిడ్డకి ఈ మందు చాలా హాని, కాబట్టి ఎదిగిన ఆడపిల్లల విషయంలో ఆ మాట డాక్టర్‌తో మొహమాటం లేకుండా మాట్లాడాలి.

సైడ్ ఎఫెక్ట్స్ లేవా అంటే ఉన్నాయి. ఆదివారం పొద్దున్న వాడికి వికారం. ఇంట్లో కోడికూర వాసన వస్తే మేడమీదకి వెళ్లిపోతాడు. ఒకసారి లివర్ రిపోర్టులో నంబర్లు పెరిగితే డాక్టర్ చెప్పి ఒక డోసు ఆపారు, తర్వాత దిగాయి. రేపు ఇది పనిచేయడం మానేస్తే బయోలాజిక్‌కి వెళ్లాల్సి రావచ్చు. అన్నీ తెలిసే ఉన్నాం. ఏడాదిన్నరలో తొమ్మిది సెంటీమీటర్లు పెరిగాడు. ఈ సంక్రాంతికి కొత్త ప్యాంటు కొన్నాం. అమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టింది.

మీ ఇంట్లో, పక్కింట్లో ఎవరికైనా ఇలాంటి పిల్లలుంటే, కొత్త మందు రాసినప్పుడు ఈ ప్రశ్నలు ఫోన్ నోట్స్‌లో పెట్టుకుని వెళ్లండి.

ఈ మందు ఇవ్వకపోతే వచ్చే ఏడాదిలో ఏం జరగొచ్చు?

ఆ సైడ్ ఎఫెక్ట్ 10 వేల మందిలో ఎంతమందికి వస్తుంది? మందు లేకపోయినా ఎంతమందికి వస్తుంది?

మా పిల్లాడికి వస్తుందో లేదో ముందే చెప్పే టెస్ట్ ఏమైనా ఉందా?

వస్తే, మందు ఆపాక పోతుందా, ఉండిపోతుందా? మొహం ఉబ్బడం పోతుంది. మా వాడికి స్టెరాయిడ్ తగ్గించాక కొన్ని నెలల్లో మామూలైపోయింది.

ఏ పరీక్ష, ఎన్ని రోజులకోసారి, దేని కోసం?

ఏది కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయాలి? మాకు చెప్పినవి ఇవి: జ్వరం, నోట్లో పుండ్లు, కారణం లేకుండా ఒంటిమీద కమిలిన మచ్చలు, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులతో పైకడుపు నొప్పి, ఆయాసం, పక్కింటి పిల్లలకి ఆటలమ్మ రావడం. మీ మందుకి మీ లిస్టు అడగండి. టీకాలు కూడా మందు మొదలుకాక ముందే అడగండి, కొన్ని లైవ్ టీకాలు తర్వాత వేయకూడదు. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు సొంతంగా కొనొద్దు, ఐబుప్రొఫెన్ లాంటివి పేగు జబ్బుని మళ్లీ రేపగలవు.

ఆపాలనిపిస్తే ఎలా ఆపాలి? ఈ ప్రశ్న మొదటిరోజే అడగండి. అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు. మేం అడగనందుకే వెనక సీట్లో కాకినాడ వెళ్లాం.

ఇంకొకటి. మాకు ఒకాయన పొడి మందు ఇస్తానన్నాడు, "దీనికి సైడ్ ఎఫెక్ట్సే లేవు" అని. లీఫ్లెట్ ఏదండీ అంటే లేదన్నాడు. కాగితం లేకపోతే సైడ్ ఎఫెక్ట్ లేనట్టు కాదు, ఎవరూ లెక్కపెట్టనట్టు. ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు, సుబ్బారావుగారిని బతికించింది అదే. అందులో ఏముందో చెప్పలేని పొట్లంతోనే పేచీ.

చివరిగా, వాడి మాట. ఆ నాలుగు దారులూ పెట్టినరోజు మేం పెద్దవాళ్లం అరగంట వాదించుకున్నాం. లింఫోమా, టీబీ, ఖర్చు, ఎత్తు. డాక్టర్‌గారు అందర్నీ ఆపి, మా వాడి వైపు తిరిగి, "నీకు ఏది ఎక్కువ ఇబ్బందిగా ఉంది నాన్నా?" అని అడిగారు.

వాడు కాసేపు ఆగి, "స్కూల్లో బాత్రూం తలుపుకి గడియ లేదండి" అన్నాడు.

ఏడాదిన్నర నుంచి వాడు స్కూల్‌కి వెళ్లే రోజు పొద్దున్న ఏమీ తినట్లేదు, మధ్యలో వెళ్లాల్సి వస్తుందని. మేం ఆకలి లేదనుకున్నాం. ఏ లీఫ్లెట్‌లోనూ, నా ఏ స్క్రీన్‌షాట్‌లోనూ ఆ గడియ లేదు. ఊరొచ్చిన మర్నాడే బావ వడ్రంగిని వెంటబెట్టుకుని స్కూల్‌కి వెళ్లాడు. హెడ్మాస్టర్‌గారు కూడా నిలబడి చూశారట. నలభై రూపాయల గడియ, నాలుగు మరలు.

మందు ఏదో మనం డాక్టర్‌తో కలిసి తేల్చుకుందాం. ఈలోపు మీ పిల్లాణ్ని, మీ తమ్ముణ్ని, మీ మేనకోడల్ని ఒకసారి ఊరికే అడగండి, నీకేది ఇబ్బందిగా ఉందని. నేను ఉంటానండి. వచ్చే వారం మళ్లీ మన ఫోన్ల గోలే.